తెల్లగా వచ్చిన వాగు

మా వాగుకు ఏ మ్యాపులోనూ పేరు లేదు. దారిలో ఒక్కో ఊరు దానికి తన పేరే పెట్టుకుంది. కనిగిరి వైపు కొండల్లో పుట్టి, ఎర్రనేలల మీదుగా దిగి, రాళ్లు కోసే షెడ్ల వెనక మెలిక తిరిగి, మా నల్లరేగడిలోకి వచ్చాక నెమ్మదిస్తుంది. మా మిరప చేను పక్కనుంచే వెళ్లి ఎక్కడో సముద్రంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. అందుకే మా వైపు వాగు ఉందనరు, వాగు వచ్చిందంటారు, పుట్టింటికి ఆడపిల్ల వచ్చిందన్నట్టు.

వచ్చిన ఆడపిల్లను వట్టి చేతులతో పంపకూడదని మా అత్తగారి పట్టుదల. మొదటి నీళ్లు రాగానే పసుపు, కుంకుమ, రవిక గుడ్డ పళ్లెంలో పెట్టుకెళ్లి నీళ్లలో వదిలేవారు. నేను కాపురానికి వచ్చిన ఏడు ఆ పళ్లెం నా చేతే పట్టించారు.

రెండేళ్ల కిందట వాగు తెల్లగా వచ్చింది. అత్తగారు మురిసిపోయారు.

"చూశావా అమ్మాయ్, ఈ ఏడు పాలల్లే వచ్చింది" అని ఒకటికి రెండు రవిక గుడ్డలు వదిలారు. నాకూ శుభమనే అనిపించింది. నీళ్లు గట్టు దాటి, కొత్తగా నారు నాటిన చేలోకి వచ్చి, మళ్లీ వెనక్కి తీశాయి. తెలుపు మాత్రం పోలేదు. ఎండకు గట్టిపడి, సిమెంటు పోసినట్టు మొక్కల మొదళ్లను పట్టేసింది. షెడ్లలో రాయి కోస్తే వచ్చే పొడి అది, వానకు వాగులోకి కొట్టుకొచ్చింది. మా ఆయన పలుగుతో పెళ్లగిస్తే పెంకూ మొక్కా కలిసే లేచాయి.

షెడ్డుకు వెళ్లి అడిగాం. అక్కడి పెద్దమనిషి కుర్చీలోంచి లేవలేదు.

"వాన మా చేతుల్లో ఉందా అండి? అయినా అదీ మన్నేగా, చేనుకు బలం చేసుద్ది" అన్నాడు.

"అయితే మీ పెరట్లో పోసుకోండి" అన్నాడు మా ఆయన.

టీ తాగి వెళ్లమన్నాడు. తాగకుండా వచ్చాం. ఆ ఒక్క పని చేసినందుకు నాకిప్పటికీ తృప్తి.

మరుసటి ఏడూ తెల్లగానే వచ్చింది. అయినా అత్తగారు పళ్లెం మానలేదు. చేలో ఇప్పుడు మిరప లేదు, జిల్లేళ్లున్నాయి. ఆ పెద్దమనిషి మీద నా కోపం చల్లారలేదు, చల్లారాలనీ లేదు.

ఈ ఏడు వాగు వచ్చిందని కేక వినగానే అత్తగారు పళ్లెం సర్దారు. నేనూ వెంట వెళ్లాను. నీళ్లు తేటపడతాయేమోనని గట్టు మీద చాలాసేపు నిలబడ్డారు. తేటపడలేదు. రవిక గుడ్డ తీసి నా చేతిలో పెట్టారు.

"నువ్వు కుట్టించుకోవే. ఇది మన పిల్ల కాదు."