కాగులో చుట్టం

మా ఇంట్లో నా రంగు గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. అందరిదీ అదే నలుపు. అదొక విశేషమని విజయనగరం కాలేజీలో చేరాకే తెలిసింది.

అరవయ్యో దశకం చివరి రోజులు. చీపురుపల్లి సినిమా హాల్లో అసలు సినిమాకి ముందు ఒక్కోసారి విదేశీ కార్టూను రీలు వేసేవారు. అందులో పిల్లులకీ ఎలకలకీ లోటు చెయ్యలేదు. తెల్లవాడికీ ముక్కూ మొహమూ ఇచ్చారు. నల్లవాడి దగ్గరికొచ్చేసరికి సిరా అయిపోయిందో ఏమో, రెండు పెదాలూ, జుట్టులో ఒక ఎముకా ఇచ్చి సరిపెట్టారు.

ఒకసారి మా మేనత్తతో వెళ్లాను. తెర మీద అడవి మనుషులు తుపాకీతో వచ్చిన తెల్ల వేటగాణ్ణి పెద్ద కాగులో కూచోబెట్టి కింద మంట పెట్టారు. హాలంతా నవ్వింది. ఇంటికి చుట్టం వస్తే ముందు కాగు నిండా వేన్నీళ్లు పెట్టే మనిషి మా అత్త. ఆవిడకి అడవివాళ్ల మర్యాద నచ్చింది.

"సుట్టమొచ్చినట్టున్నాడురా అల్లుడా. తానానికి నీలు కాస్తన్నారు."

"కాదత్తా, వండుకు తింటారట."

"నీకెవులు సెప్పినారు?"

"బొమ్మ గీసినోడు."

"ఆడు ఆల ఊరు ఎల్లొచ్చినాడేటి?"



ఆ ఏడే కాలేజీ వార్షికోత్సవానికి అదే కథను హాస్య నాటికగా వేస్తామన్నారు. నేను వేటగాడి వేషం అడిగాను. నాటకాల కార్యదర్శి నన్ను కింది నుంచి పైదాకా చూసి, "నువ్వు అడవి మనిషివిరా. నీకు మసి కూడా అక్కర్లేదు," అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు. అడవి మనిషికి మాటలేమిటని అడిగితే, "ఊ, హూ. అంతే," అన్నాడు. అందరి ముందూ ఊ, హూ అని గెంతి దిగిపోతే, మిగిలిన చదువంతా అదే నా పేరవుతుంది. మానేస్తే పిరికివాణ్ణవుతాను. ఒప్పుకున్నాను.

ఆ రోజు స్టేజి మీద మసి పూసుకోలేదు. ఎముక పెట్టుకోలేదు. పంచె ఎగ్గట్టి, వేటగాణ్ణి కాగులో కూచోబెట్టి, నీళ్లలో వేలు ముంచి చూశాను.

"సల్లగా లేవు, కాలిపోయేలా లేవు. నాయినా, ముందా తుపాకీ అవతలెట్టు, పిల్లలు తిరుగుతన్నారు. కబురెట్టకుండా వచ్చినావు, పోన్లే. ఈపు రుద్దమంతావేటి?"

వేటగాడు పాఠం మరిచిపోయాడు. నేను రుద్దడం మొదలుపెట్టాను. వెనక బెంచీల్లోంచి ఎవరో, "మొకం కూడా తోము మావా," అని కేకేశారు. హాలు నవ్వింది. ఈసారి నవ్వు నన్ను దాటి కాగులోకి వెళ్లింది.

మర్నాడు కార్యదర్శి నన్ను లెక్చరరు గారి ముందు నిలబెట్టాడు. నాటిక పాడుచేశానట. బొమ్మలో అలా లేదట.

"బొమ్మలో వాణ్ణి మాట్లాడనివ్వలేదండి," అన్నాను. "మాట్లాడనిస్తే ఇలాగే ఉంటుంది."

లెక్చరరు గారు దగ్గు వచ్చినట్టు రుమాలు అడ్డం పెట్టుకుని, క్షమాపణ రాసిమ్మన్నారు. ఇవ్వనన్నాను. నాటకాల్లోంచి నా పేరు కొట్టేశారు.

ఆ తరువాత కాలేజీలో నన్ను చాలా పేర్లతో పిలిచారు. మా ఊరి యాసని వెక్కిరించారు, నా పంచెకట్టుని వెక్కిరించారు. ఊ, హూ అని మాత్రం ఎవరూ అనలేదు. అలా అంటే నేను జవాబు చెబుతానని వాళ్లకి తెలుసు.