జీడిపిక్కల నూనె పూసిన రెక్క

రజని రెండు చూపుడువేళ్లూ రెక్క కింద పెట్టి, రిపేరుకొచ్చిన బొమ్మ విమానాన్ని పైకెత్తింది. ముక్కు కిందికి వాలింది. పొట్టలోని బ్యాటరీని కాస్త వెనక్కి జరిపి మళ్లీ ఎత్తింది. ఈసారి తిన్నగా నిలిచింది.

కాశీబుగ్గలో ఆమెది మోటార్లకు తీగ చుట్టే షాపు. ఎప్పుడో ఎవరో మోటారు కాలిపోయిన రిమోట్ విమానం ఒకటి తెచ్చిచ్చారు. దాన్ని బాగుచేస్తూ, పాడుచేస్తూ ఆ పని పట్టుకుంది. ఇప్పుడు ఆమె చేసినవే కొన్ని దండేనికి వేలాడుతున్నాయి.

"ఆ పచ్చది," అన్నాడు గుమ్మంలోంచి మణిదీప్. "యుద్ధానికెల్లీదాని లాటిది."

వెనకే వాళ్ల నాన్న వైకుంఠరావు వచ్చాడు. మందస దగ్గర జీడితోట రైతు, రజనికి బాబాయి వరస.

"అదే ఇచ్చీ అమ్మీ. జబ్బు సేసినకాడ్నించి ఆడేటీ అడగనేదు. ఇదొక్కటే."

మణిదీప్‌కి ఇరవై దాటి ఎన్నాళ్లో కాలేదు. కిడ్నీలు చెడిపోయి డయాలసిస్ మీద ఉన్నాడు. సూదుల కోసం ఆపరేషన్ చేసిన ఎడమచేతి నరం తాడులా ఉబ్బి ఉంటుంది. అది కనబడకుండా ఎండలో కూడా పొడుగుచేతుల చొక్కాయే వేస్తాడు. ఆ నరం తెగితే నెత్తురు ఆగదు. పచ్చ విమానం ముక్కు మీది ఫ్యాను వంక చూసి రజని చేతులు తుడుచుకుంది. కాదంటే, వాడు అడిగిన ఒక్కటీ లేకుండా పోతుంది. మళ్లీ గదిలోకి వెళ్లి తలుపేసుకుంటాడు.

"దీన్ని ఒక సేత్తో ఇసరాల, రెండో సేత్తో రిమోటు పట్టుకోవాల. వేలు పొరపాట్న తగిల్తే సాలు, ముక్కు మీద ఫ్యాను తిరుగుతాది. మొదటిది ఇది కాదు తమ్ముడూ."

"పేషెంట్లకి వేరే ఇమానం ఉన్నాదేటి?"

"నేర్సుకునీవోలకి ఉన్నాది. రెక్క వెడల్పుగా పైనుండాల. ఫ్యాను ఆ రెక్క మీద, యెనక్కి తిరిగుండాల, సేతికందకుండా. నువ్వు తప్పు సేసినా అదే సదురుకుంటాది. నేనూ దాంతోనే నేర్సినాను."

"ఎగిరితే కాకినాగుంటాది."

"కాకి పడిపోడం ఎప్పుడైనా సూసినావా?"

మణిదీప్ వెళ్లి బండి మీద కూర్చున్నాడు. వైకుంఠరావు గొంతు తగ్గించాడు. "నువ్వన్నదే సెయ్యి. రెక్కలోకి వెదురుబద్ద నేను తెత్తాను. మా పెరట్లో ముదురుది ఉన్నాది."

మర్నాడు తెచ్చాడు. అద్దంలా చెక్కిన బద్ద. తండ్రి చేతిపని కదా అని రజని ఏమీ అడగలేదు. ఫోమ్ రెక్కలో గాడి తీసి, బద్ద పెట్టి, జిగురు పోసి పైన బరువు పెట్టింది.

పొద్దున లేచేసరికి ఆమె వేళ్ల సందుల్లో దురద, చిన్న చిన్న పొక్కులు. షాపు తెరిచి రెక్కను వంచి చూసింది. బద్ద ఒరలోంచి కత్తిలా జారి బయటికొచ్చింది. జిగురు దానికి అంటనేలేదు. వాసన చూస్తే, తగిలితే ఒళ్లు పొక్కే జీడిపిక్కల నూనె. ఆ జీడితోటల వైపు తలుపు చెక్కకీ, కంచె రాటకీ, పడవ అడుక్కీ అది పూయనివారు లేరు. చెద దగ్గరికి రాదు. గాలిలో ఆ రెక్క విరిగితే విమానం ఎవరి నెత్తిన పడేదో. అడగకపోవడం తన తప్పే అనుకుంది.

కబురందుకుని తండ్రీకొడుకులిద్దరూ వచ్చారు.

"ఆడి వొస్తువు పదికాలాలుండాలని పూసినాను," అన్నాడు వైకుంఠరావు. "ఎండబెట్టి, తుడిసే తెచ్చినాను అమ్మీ." కొడుకు వంక చూడలేదు.

కొడుకు కసురుకుంటాడనుకుంది రజని. మణిదీప్ ఒక కాగితంతో బద్దను అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నా గది తలుపు వాసన," అన్నాడు. "ఇంకోటి సీల్చు నాన్నా. నూనె వొద్దు. గరుకు కాయితం నేను పడతాను."

"నీ సెయ్యి..."

"కుడిసెయ్యే."

నూనె తాగిన రెక్కను రజని పారేసి, కొత్త ఫోమ్ కోసింది. వాళ్లు తెచ్చిన రెండో బద్ద అంత నున్నగా లేదు. ఒకచోట గీకుడు ఎక్కువై పల్చబడింది కూడా. ఆ పక్క దారం చుట్టి గట్టిచేసింది. రెక్కలో పెట్టి, జిగురు ఆరాక మోకాలికి ఆన్చి వంచింది. బద్ద కదల్లేదు.

తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు, ముందు రిమోటు ఆన్ చేసి, తర్వాతే బ్యాటరీ తగిలించాలని ఆ వరస మణిదీప్ చేతే చేయించింది. అతను ఒకసారి తప్పాడు. మళ్లీ చేశాడు.

"ఇసిరీది ఎవరు?" అంది రజని.

"నాన్న."

"నాకు బయమేత్తాది," అన్నాడు వైకుంఠరావు.

"నాకూ ఏత్తాది," అన్నాడు మణిదీప్.

"పొద్దున్నే, సముద్రం గాలి లెగకముందే ఎల్లండి. ఎదురుగాలికి ఇసరాల బాబాయ్, గట్టిగా వొద్దు," అంది రజని. బ్యాటరీ తీసి వేరే డబ్బాలో పెట్టింది. విమానాన్ని పాత దుప్పట్లో చుట్టి, మణిదీప్ చేతికి అందించింది.