మడతల షెడ్డుకు మేడం

భవానిని సూపర్‌వైజర్ చేసినరోజు మడతల షెడ్డులో అందరూ చప్పట్లు కొట్టారు. రోసమ్మయితే మెడ కావలించుకుని, "మా అక్క పెద్దసారయిందే!" అని కేక పెట్టింది. తెల్లారి వచ్చేసరికి అదే రోసమ్మ, "నమస్తే మేడం" అంది. రాత్రికి రాత్రి తను చేసిన తప్పేమిటో భవానికి అర్థం కాలేదు. అర్థం కాకపోవడం ఆ పూటతో ఆగినా బాగుండేది.

మౌలాలి దగ్గర, రైళ్ల ఏసీ పెట్టెల్లో ఇచ్చే దుప్పట్లు ఉతికే ప్రైవేటు లాండ్రీ అది. మడతలు జోడీల పని. ఇద్దరు చెరో అంచు పట్టుకుని ట్యూబులైటు కింద దుప్పటి చాపుతారు. మరక కనిపిస్తే నీలం తొట్టిలో పడేస్తారు, మళ్లీ ఉతకడానికి. లేకపోతే ఎదురెదురుగా నడిచి, అంచులు కలిపి, మడిచి కట్టలో పెడతారు. భవాని ఏళ్ల తరబడి చేసిన పని అదే, నిద్రలో లేపి దుప్పటిచ్చినా మడతపెట్టగలదు. మనుషుల సంగతే చేతకావడం లేదు.

సలహాలకు మాత్రం కొదవ లేదు. యజమాని పురుషోత్తం మొదటిరోజే చెప్పాడు. "లీడర్ అన్నంక జెర డిస్టెన్స్ మెయింటైన్ చెయ్యాలె భవానీ. నవ్వినవంటే నెత్తికెక్కుతరు."

మెట్టుగూడలో ఆటో నడిపే మొగుడు కిషన్‌ది ఇంకో దారి. "గరమైతే ఎవ్వడింటడే? చాయ్ తాపి పని చేపిచ్చుకోవాలె."

అత్త విజయమ్మ రొట్టె తిప్పుతూ, "ఇంట్ల నా మాట నువ్వింటున్నవా, ఆడ నీ మాట ఎవలింటరు?" అని తేల్చేసింది.

భవాని పాపం అందరి మాటా విన్నది. ఓ రోజు మూతి బిగించుకుని తిరిగింది, షెడ్డంతా చావింట్లా అయింది. మర్నాడు అందరికీ చాయ్ తెప్పించింది, తాగుతూ కబుర్లలో పడి పనికి రావడమే మరిచారు. అన్నం దగ్గర మరీ కష్టం. డబ్బాలు విప్పి కూరలన్నీ మధ్యలో పెట్టుకుని తినడం అక్కడి అలవాటు. ఎవరి కూర వాళ్లు తింటే అలిగినట్టు లెక్క. ఇప్పుడామె వచ్చి కూర్చుంటే మాటలు ఆగిపోతున్నాయి. పోనీ ఆఫీసు గదిలో తింటే, "ఇంక మనతోటి కూసుంటదా" అని దెప్పుళ్లు. కూర్చోవాలా, లేవాలా? ఇది చెప్పే సలహాదారుడు ఒక్కడూ లేడు.

ఇలా బుర్ర వేడెక్కి ఉన్నప్పుడే ఓ తెలివైన పని చేసింది. తెలివైన పనులు ఎప్పుడూ ఇలాంటప్పుడే తడతాయి.

రోసమ్మ, గవరమ్మల జోడీ కొంతకాలంగా బాగా వెనకబడుతోంది. గవరమ్మ విజయనగరం వైపు మనిషి. కూలిపనికని మొగుడితో వచ్చి, అతను పోయాక ఈ షెడ్డునే నమ్ముకుని బతుకుతోంది. నెమ్మదైనవాళ్లిద్దరూ ఒకచోట ఎందుకని, భవాని ఆ జోడీని విడదీసి, చేతివేగం ఉన్న నీహారికకు గవరమ్మను జతచేసింది. రోసమ్మ, "మీ ఇష్టం మేడం" అంది. అక్క అయి ఉంటే, ఆ మాట వెనక కోపం భవాని చెవికి తగిలేది. మేడం కనక, ఒప్పుకుందనుకుంది.

వారం తిరక్కుండా ఓ బండి దుప్పట్లు వెనక్కి వచ్చాయి, టీ మరకలు, పచ్చడి మరకలతో. పురుషోత్తం అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఎవరి జోడీదో సాయంత్రంలోపు తేల్చు. ఆ మనిషి రేపటినుంచి రావద్దు."

అడిగితే అందరిదీ ఒకటే మాట. తెల్వదు మేడం, తెల్వదు మేడం. నీహారిక ఒక్కతే, "నా సగం నేను చూసిన. ఆమె సగం ఆమె చూసుకోవాలె కదా" అని గొణిగింది.

భవాని నీహారికను పక్కకు పంపి, తనే దుప్పటి అంచు పట్టుకుంది. అవతల గవరమ్మ. దుప్పటి చాచారు. గవరమ్మ పట్టుకున్న అంచు దగ్గరే, ఆమె గడ్డం కిందే అరచేతంత టీ మరక. అయినా ఆమె మడతకోసం తాపీగా ఎదురు నడిచి వస్తోంది. భవాని ఉలిక్కిపడి అంచు వెనక్కి లాగింది. అంతే, గవరమ్మ తన అంచు టక్కున వదిలేసింది.

"మరకుందేటమ్మా?" అంది. ఆ వెంటనే, "రోసీ సెప్పేసిందేటి?" అంది గొంతు తగ్గించి.

"ఎవరేం చెప్పలే. ఏందిది గవరమ్మా?"

"సూపు ఆనట్లేదమ్మా. రెండు పక్కలా రోసీయే సూసేది. మరకుంటే ఓపాలి లాగేది, నాను ఒదిలీసేదాన్ని."

ఇద్దరి చూపూ ఒక్కతే చూస్తే ఆలస్యం కాక ఏమవుతుంది? తను విడదీసింది నెమ్మదైన జోడీని కాదు, ఒక మనిషిని ఆమె కళ్లనుంచి. భవానికి సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది.

"మరి నాకెందుకు చెప్పలే?"

"మాతో మడతెట్టినన్నాళ్లయితే సెప్పీవోళ్లమే. ఇప్పుడు నువ్వు సారు మనిషివి గదా. మేం సెప్తే నువ్వాయనకి సెప్పాలి. నీకెందుకా తంటా అని."

అది తనమీద దయో, అపనమ్మకమో భవాని తేల్చుకోలేకపోయింది. రెండూ ఒకే కూరలో కలిసిపోయినట్టున్నాయి.

సాయంత్రం పురుషోత్తం అడిగాడు, "తేలిందా?" కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. భవాని నోరు తెరిచినప్పుడు ఏం రాబోతోందో ఆమెకే తెలియదు.

"నాదే సార్ తప్పు. జోడీలు నేనే మార్చిన. మళ్ల పాతలెక్కనే పెడ్తున్న."

"ఇంకొక్కపారి మరక వచ్చిందంటే, నిన్నే మళ్ల మడతలకు తోలుత. యాదుంచుకో."

మెట్టుగూడదాకా ఆటోలో అదే ఆలోచన. ఆయన బెదిరించాడా, ఆశ పెట్టాడా? మళ్లీ మడతలు, మళ్లీ అక్క. భయపడాల్సినచోట ప్రాణం లేచొచ్చినట్టవుతోందేమిటి? కిషన్‌ను అడిగితే చాయ్ తాపమంటాడని అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం డబ్బా పట్టుకుని వెళితే మాటలు ఆగిపోయాయి, ఎప్పట్లాగే. ఆగితే ఆగాయని భవాని కూర్చుంది. గవరమ్మతో, "ఆదివారం కండ్ల దవాఖానకు పోదాం, నేనొస్త" అంది. తర్వాత సారు ఏమన్నాడో చెప్పింది.

"మళ్ల మడతలకు తోలుతడంట. పోనియ్, మంచిగైతది. నీ పక్కనే నిలబడత" అంది రోసమ్మతో. నవ్వుతుందనుకుంది.

రోసమ్మ నవ్వలేదు. తింటున్న ముద్ద ఆపి, "ఏం పోవద్దు" అంది. "నువ్వొస్తే ఆ కుర్చీల ఇంకొకరు కూసుంటరు. ఈమె కండ్ల సంగతి ఆళ్లకు తెలిస్తే ఏం గావాలె? నువ్వు ఆడనే ఉండు."

ఉండమన్నది తనకోసమా, గవరమ్మకోసమా? భవాని అడగబోయి మానుకుంది. రోసమ్మ ఎండురొయ్యల కూర డబ్బా ఆమె వైపు జరిపింది.

"తిను మేడం, సల్లగైతది."