మూడు కొట్టని రెఫరీ

పోయిన శుక్రవారం పొద్దున పెనుకొండ నుంచి మా అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, రెఫరీ మామ పోయినాడురా" అంది. ఏడుస్తూనే, "నాకు మూడు కొట్టకుండానే పోయినాడు సూడు" అని ఒక తిట్టు తిట్టింది. నేను ధర్మవరంలో మా అంగట్లో చీర మడతపెడుతున్నవాణ్ణి, ఆ చీర మీదే కూలబడ్డాను. అక్క తిట్టు మీకు అర్థం కావాలంటే మామ సంగతి మొదటి నుంచి చెప్పాలి.

మామ మాకు చుట్టం కాదు. హిందూపురంలో మా ఇంటి ఎదురుగా పరుపులు కుట్టే అంగడి ఆయనది. మా నాయన ఆయన్ను బావా అని పిలిచేవాడు కాబట్టి మాకు మామ అయ్యాడు. చిన్నప్పుడు అక్కకూ నాకూ టీవీలో కుస్తీలు చూసే పిచ్చి. చూసింది చూసినట్టు చేసెయ్యాలంటే కొత్త పరుపులకు మించిన చోటేముంది? బల్ల మీది నుంచి దూకేవాళ్లం. ఒకరోజు ఎవరిదో పెళ్లి పరుపు పిగిలి, దూది వీధంతా ఎగిరింది.

"ఏమప్పా, నేను పరుపు కుట్టింది పండుకునేదానికా, పడేసుకునేదానికా?" అన్నాడు మామ. కొట్టలేదు. గుడ్డ కోసం బెంగళూరు పోయినప్పుడు ఒక పాత వీడియో గేమ్ పెట్టె, దాంతోపాటు కుస్తీల క్యాసెట్ తెచ్చాడు. "ఇంగ మీరు దూకద్దండి. వాళ్లను దూకించండి" అన్నాడు.

అంత తప్పు లెక్క మామ జన్మలో ఇంకోటి వేసి ఉండడు. ఆడేది ఇద్దరు. వంతు కోసం వచ్చేది వీధిలోని పిల్లలంతా. ఆ వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చుంటారు? పరుపుల మీదే. క్యాసెట్ పెట్టే సందులో దూది చేరి ఆట ఊరికే ఆగిపోయేది. మామ క్యాసెట్ బయటికి తీసి, బిస్మిల్లా అని గట్టిగా ఊది పెట్టేవాడు. రెండోసారికి వచ్చేసేది.

ఆటలో వస్తాదుల పేర్లు ఇంగ్లీషులో ఉండేవి. మామ వాటిని పట్టించుకోలేదు. అక్క మనిషి బోడిగుండు, నా మనిషి ఎర్ర చెడ్డీ. కొన్నాళ్లకు టీవీ స్పీకర్ చెడిపోయింది. కింద పడినవాడి భుజాలు నేలకు ఆనించి పట్టుకుంటే రెఫరీ మూడు లెక్కపెట్టాలి కదా, ఆ లెక్క వినిపించడం మానేసింది. అప్పుడు మామ సూది పక్కన పెట్టి, అరచేత్తో పరుపు మీద కొట్టి లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఒకటీ అంటే దూది లేచేది. రెండూ అంటే తుమ్ములు వచ్చేవి. మూడు మాత్రం ఎన్నడూ రాలేదు.

"రెండున్నర" అనేవాడు, చెయ్యి గాలిలో ఆపేసి.

"మామా, టీవీలో మూడు అయిపోయిండాది! నేను గెలిచిండా!" అని అక్క గంతులేసేది.

"టీవీలో రెఫరీ వాడు. అంగట్లో రెఫరీ నేను. వాని భుజం లేసినాది, నేను సూసినా. మళ్లీ ఆడు పాపా."

ఎవరు ఎవరిని పడేసినా ఇదే తీర్పు. ఆ అంగట్లో ఓడినవాడంటూ లేడు. దాని వల్ల నష్టపోయింది మా అక్క ఒక్కతే, ఎందుకంటే గెలవడం వచ్చింది దానికొక్కదానికే. మామ చేత మూడు కొట్టించుకోవాలని అది అప్పుడే పంతం పట్టింది.

పదో తరగతి లెక్కల్లో నేను తప్పినప్పుడు మా నాయన వీధిలో నిలబడి, "వీని పని అయిపోయినాది" అని అరిచాడు. మామ సూదీదారంతోనే పరుగెత్తుకొచ్చాడు. "ఏం బావా, రెఫరీని నేను ఈడ ఉండంగా నువ్వు మూడు కొట్టేదేంది? లేస్తాడుండు." నాయనకు నవ్వాగలేదు. సప్లిమెంటరీలో నా భుజం లేచింది.

ఆ ఆటలో ఏముందని ఇన్నేళ్లు ఆడారని మీరు అడగొచ్చు. వస్తాదుల మొహాలు ఇటుకల్లా ఉంటాయి, వేళ్లు విడివిడిగా ఉండవు. కానీ దెబ్బలు తినేకొద్దీ తినేవాడి పేరు కింద గీత ఎర్రబడుతుంది. అది నిండిందంటే చచ్చినట్టు పడున్నవాడు కూడా లేచి దంచుతాడు. "తన్నులు తిన్నోనికీ ఒక టైం పెట్టినాడు సూడప్పా! ఈ ఆట చేసినోడెవడో పుణ్యాత్ముడు" అనేవాడు మామ. ఆయన కొడుకు ఒకసారి కొత్త గేమ్ తెచ్చాడు. చెమట చుక్క కూడా కనిపించే రకం. అది మొదలయ్యేలోపు మామ ఒక దిండు కుట్టేశాడు. కాసేపు చూసి, "బాగుండాది. అయితే వీళ్లు అచ్చం మనుషుల మాదిరే ఉండారు, కొడితే అయ్యో అనిపిస్తాది. నాకు నా ఇటుకమొహాలోళ్లే మేలు" అని పాత క్యాసెట్ ఊదాడు.

అక్కకు తల నెరిసింది. అయినా ఆదివారం వీలు దొరికితే చాలు, సొంత జాయ్‌స్టిక్ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని హిందూపురం బస్సెక్కేది. పోయిన నెల ఇద్దరం పోయాం. మామ తాను కుట్టిన పరుపు మీదే పడుకుని ఉన్నాడు, లేవలేకపోతున్నాడు. "ఆడండి, పండుకొని సూస్తా" అన్నాడు. బోడిగుండు ఎర్ర చెడ్డీని ఎత్తి కుదేశాడు. మామ పరుపు మీద ఒకటి కొట్టాడు, రెండు కొట్టాడు. చెయ్యి లేచి, గాలిలో ఆగింది.

"కొట్టు మామా, ఈసారన్నా కొట్టు" అంది అక్క.

మామ ఆ చేత్తో తల గోక్కున్నాడు. "వాని భుజం కదిలినట్లు లేదా?" తెర మీద నావాడు చాపలా పడి ఉన్నాడు. అక్క జాయ్‌స్టిక్ విసిరికొట్టబోయింది. మామ నవ్వి, "మూడు కొడితే ఆట అయిపోతాది పాపా. మళ్లీ మీరు యాడొస్తారు?" అన్నాడు. అక్క మళ్లీ ఆట మొదలెట్టింది.

ఖననానికి నేనూ వెళ్లాను. ఆడవాళ్లు నడుమెత్తు గోడ అవతల నిలబడ్డారు. వచ్చిన ప్రతివాళ్లూ మూడు పిడికిళ్ల మట్టి వెయ్యాలి. ఒకటి వేశాను. రెండు వేశాను. మూడోది తీసుకున్నాను గానీ పిడికిలి తెరుచుకోలేదు. మామ కొడుకు నా వైపు చూశాడు. వెనక మనుషులు ఆగిపోయారు.

గోడ అవతల నుంచి మా అక్క గొంతు వినిపించింది. "రెండున్నరేరా! ఇంగా మూడు కాలేదు!"

మామ కొడుకు ఏడుస్తూనే ఫక్కుమని నవ్వాడు. నేను ఒక్కో వేలే వదిలాను, ఓడిపోయేవాళ్ల కోసం మామ లెక్కపెట్టేంత నెమ్మదిగా. చివరి రేణువు జారేదాకా ఆ మట్టినే చూస్తూ ఉన్నాను, భుజం లేస్తుందేమోనని.