బుగులు దాచుకోని అత్తమ్మ

మా అత్తమ్మ పోయిన నెల చనిపోయింది. కబురు వచ్చేసరికి నేను హనుమకొండలో ఒక దుకాణం ముందు పికప్ ఆపి జంపఖానాల కట్టలు దించుతున్నాను. మా ఆయన ఫోన్ చేసి, "అవ్వ పోయింది. నువ్వు ఉరికి రాకు, మెల్లగ రా" అన్నాడు. కన్నతల్లి పోయిన గంటలో ఆ మాట ఎలా అనగలిగాడో ఆమెను ఎరిగినవాళ్లకు తెలుస్తుంది. ఆమె పెంపకమే అది. మా ఇల్లున్న కొత్తవాడ దాకా మూడో గేరు దాటకుండా వచ్చాను.

నలభై ఏళ్లు గుంత మగ్గంలో కూర్చుని జంపఖానాలు నేసిన మనిషి. చివరికి ఊపిరి అందక దవాఖానకూ ఇంటికీ తిరిగింది. ఊళ్లో భయాన్ని మేం బుగులు అంటాం. "ఆకలైతాంది" అన్నంత మామూలుగా ఆమె "నాకు బుగులైతాంది" అనేది. ఉరిమితే అనేది, కరెంటు వైరు వేలాడితే అనేది, సూదిమందు చూసి నర్సమ్మతోనే అనేది. పెళ్లయి వచ్చిన కొత్తలో నాకు నవ్వొచ్చేది.

పాత పికప్ కొన్న ఏడాదికే మా ఆయనకు ఫిట్స్ మొదలయ్యాయి. డాక్టరు ఇక స్టీరింగ్ పట్టొద్దన్నాడు. నేను నేర్చుకుంటానన్నాను. వద్దంటుందనుకుంటే, "నాకైతే బుగులే బిడ్డా. అయినా నేర్చుకో. నేను పక్కన కూసుంట" అంది అత్తమ్మ. లైసెన్సు వచ్చాక కూడా దూరం కిరాయి అంటే ఎక్కి కూర్చునేది, ముందున్న డాష్‌బోర్డును రెండు చేతులా పట్టుకుని.

తర్వాత బండి నడుమ కింద నేల మీద మరక కనిపించసాగింది. గేర్‌బాక్సు ఆయిల్ కారుతోంది. గేర్‌బాక్సు వెనక, తిరిగే షాఫ్టు చుట్టూ ఉండే రబ్బరు సీలు పోయిందని మెకానిక్ కొత్తది వేశాడు. ఇరవై రోజులు బాగుంది, మళ్లీ మరక. ఇంకోటి వేశాడు. అదీ అంతే. మూడోసారి, "పాత బండి అక్కా, జర కారుడుంటది. ఆయిల్ పోసుకుంట నడుపు, ఫికర్ చేయకు" అన్నాడు.

నేను ఫికర్ మానేశాను. అత్తమ్మ మానలేదు. పొద్దున్నే బండి కింద అట్టముక్క తోసి, పళ్లు తోముకుని వచ్చి తీసి చూసేది. ఆ నూనెను వేలికి రాసుకుని వాసన చూసేది. "నిన్నటికంటె పెద్దగున్నది బిడ్డా." నాకు విసుగొచ్చేది. "కారితే కారనీ అత్తమ్మా, పోస్తున్నం కదా" అనేదాన్ని. ఆమె అట్టముక్క గోడకు ఆనించి మగ్గం దగ్గరికి పోయేది. నిజం చెప్పాలంటే నాకూ భయంగానే ఉండేది. పైకి అంటే బండి ఆపాల్సి వస్తుందని అనేదాన్ని కాదు.

ఒకరోజు పాలకుర్తి గుట్ట మీద ఒక పెళ్లివారికి జంపఖానాలు దించి, వాళ్ల పాతవి ఉతకడానికి ఎక్కించుకుని కిందికి దిగుతున్నాం. సగం దిగాక కుళ్లిన గుడ్డు కాలినట్టు వాసన. గేర్‌బాక్సులో రాళ్లు నూరినట్టు చప్పుడు. మలుపు దగ్గర గేరు దానంతటదే ఊడిపోయింది. బండి ఒక్కసారి తేలికై ముందుకు ఉరికింది. గేరు రాడ్ తోశాను, పడలేదు. బ్రేకు తొక్కాను. అప్పటికే చాలాసేపటి నుంచి తొక్కుతున్నానేమో, వేడెక్కి సరిగా పట్టలేదు. ఎడమవైపు గుట్ట, కుడివైపు లోయ.

"బండిని గుట్టకు ఆనియ్యి బిడ్డా, గుట్టకు ఆనియ్యి" అంది అత్తమ్మ. అరవలేదు.

హ్యాండ్‌బ్రేకు లాగుతూ ఎడమకు తిప్పాను. బండి మట్టి కట్టను గీరుకుంటూ పోయి ఆగింది. అత్తమ్మ వైపు తలుపు మట్టికి ఆనుకుపోతే నేను ముందు దిగాను. ఆమె నా వైపు నుంచి దిగి, రాళ్లు ఏరి నాలుగు చక్రాలకూ అడ్డం పెట్టింది. అప్పుడు కూర్చుంది రోడ్డు పక్కన. కూర్చున్నాక వణకడం మొదలుపెట్టింది.

"నీకు బుగులు కాలేదా?" అని అడిగింది.

"అయింది అత్తమ్మా. ఇయ్యాల కాదు, ఎప్పటినుంచో అయితాంది."

"మరి చెప్పాలె గదా. నువ్వు చెప్పకుంటే ఎవరు ఆపుతరు బిడ్డా?"

అందులో కోపం లేదు. అందుకే ఏడ్చేశాను.

కింద ఊళ్లోంచి ఒక ముసలి మెకానిక్ వచ్చాడు. గేర్‌బాక్సులో ఆయిల్ చుక్క కూడా లేదన్నాడు. సీలు మారిస్తే సరిపోతుందని అతనూ అంటుంటే అత్తమ్మ ఆపింది.

"రెండుమార్లు మార్చినం. మగ్గం మీద పోగు ఒక్క జాగలనే తెగుతాందంటే ముడేసుకుంట కూసోం కదా బిడ్డా. ఏది కోస్తాందో చూస్తం."

అతను ఆమెను ఒక క్షణం చూసి మళ్లీ బండి కిందికి దూరాడు. షాఫ్టును రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. అది టకటకమని ఆడింది. "లోపల షాఫ్టును పట్టి ఉంచే బుష్ అరిగింది అవ్వా. షాఫ్టు ఊగుకుంట సీలును కొరుకుతాంది. ఎన్ని ఏసినా నిలువయి" అన్నాడు. గేర్‌బాక్సు విప్పి బుష్ మార్చడానికి రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత మళ్లీ కారలేదు.

నాకు ధైర్యం నేర్పినవాళ్లు చాలామంది ఉన్నారు. భయమేసినప్పుడు ఆ మాట పైకి అనడం నేర్పింది ఆమె ఒక్కతే. ఆమె లేని ఈ నెలలో రెండుసార్లు కిరాయి వద్దన్నాను, ఒకసారి వానలో, ఒకసారి బ్రేకు మెత్తగా అనిపించి. "బుగులైతాంది అన్నా, రేపు వస్త" అని చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

గుట్ట మీద గేరు ఊడిన ఆనాటి సాయంత్రం బండిని ట్రాక్టరుకు ఇనుప కడ్డీతో కట్టి గుట్ట దింపారు. స్టీరింగ్ నేను పట్టుకోవాలి. ఆమెను ట్రాక్టరు ఎక్కమంటే ఎక్కలేదు. చీర కుచ్చిళ్లు నడుమున దోపుకుని, ట్రాక్టరుకు ముందు రోడ్డు నడిమధ్యలో దిగుతూ పోయింది. ఎదురొచ్చే బండ్లను ఒక చేత్తో పక్కకు జరగమంటోంది. రెండో చెయ్యి వెనక్కి చాపి, మెల్లగ, మెల్లగ అని నాకు చెబుతోంది. రెండు బండ్లు తన వీపు వెనకే దిగుతుంటే, అన్నిటికీ భయపడే ఆ మనిషి ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.