అమ్మ దోసిలి పట్టిన వాకిలి

తిరుపతిలో ఇల్లు అద్దెకు అడిగితే ముందు ఊరు అడుగుతారు, తర్వాత ఇంటిపేరు. ఆ రెండింటితో తేలకపోతే నేరుగా కులమే అడుగుతారు. నాలుగు గుమ్మాల్లో నిజం చెప్పి వెనక్కి వచ్చాను. ఐదో ఇంట్లో మాత్రం, పలమనేరు వైపు సేద్యం చేసుకునేవాళ్ళమని చెప్పాను. మా మాలపల్లెలో సేద్యం చేయనిదెవరు? పొలాలే మావి కావు.

ఇల్లు దొరికింది గానీ నిద్ర పట్టేది కాదు. ఆదివారం పెద్దకూర వండితే కిటికీలు మూసేవాళ్ళం. పుట్టింటివాళ్ళతో ఫోన్లో మాట్లాడాలంటే నా భార్య మిద్దె మీదికి పోయేది. అట్లా మూడు నెలలు గడిచాక అమ్మ వచ్చింది.

ఎండన పడి వచ్చిందని ఇంటావిడ జాలిపడి, చెంబుతో నీళ్ళు తెచ్చి గ్లాసు చేతికివ్వబోయింది. అమ్మ అందుకోలేదు. మెట్టు దిగి, ఒంగి, మూతి దగ్గర దోసిలి పట్టింది. యాభై ఏళ్ళు పెద్దిళ్ళ వాకిళ్ళలో అట్లాగే తాగిన మనిషి. ఇంటావిడ ఒక్క క్షణం చూసి, గ్లాసు పక్కన పెట్టి, చెంబెత్తి పైనుంచి పోసింది. ఆ నీళ్ళ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

వారం తిరక్కుండానే, “మా పెద్దోడు వస్తాండాడప్పా, ఇల్లు మాకే కావాల,” అంది ఆవిడ. మేం ఖాళీ చేసిన మర్నాడే గేటుకు టులెట్ బోర్డు కట్టారు. ఖాళీ చేయమన్న రోజు ఆవిడను ఒక్క మాట అనలేకపోయాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, అంతా అమ్మ మీద చూపించాను. “గ్లాసు పట్టుకునేది గూడా రాదా నీకు? ఇంక మా ఇంటికి రావద్దు,” అన్నాను. అమ్మ సంచి సర్దుకుని సాయంత్రం బస్సెక్కింది.

రిజర్వేషన్ ఇచ్చారు కదా, ఇంకా ఏం పరిహారం కావాలంటాడు మా ఆఫీసులో ఒకాయన. కావాలి. ఉద్యోగం నాకిచ్చారు, ఒంగిన మా అమ్మ నడుముకు ఏమిచ్చారు? తరతరాలుగా ఊరి బయట ఉంచినందుకు ఏమిచ్చారు? ఇవ్వాల్సిందేనని గట్టిగా వాదిస్తాను. ఇంటికొచ్చాక మాత్రం భయమేస్తుంది. ఇవ్వాల్సినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు ఉంటున్నది సొంతిల్లు. అమ్మ ఇందులో అడుగు పెట్టకుండానే పోయింది. గృహప్రవేశానికి నేనే వెళ్ళి పిలిచాను. ఇది మన ఇల్లు, ఇక్కడ మనల్ని పొమ్మనేవాళ్ళు లేరని చెప్పాను.

అమ్మ కోప్పడలేదు. “ఎవురో పొమ్మంటే నాకేమి కొత్త నాయనా,” అంది. “నువ్వంటివి గదా.”