కుర్చీలబ్బాయి ఓటు

మా మరిదికి నలభై ఎప్పుడో దాటాయి. చెవుల పక్కన జుట్టు కూడా నెరిసింది. అయినా మా పేటలో అందరికీ అతను కుర్చీలబ్బాయే. పేము కుర్చీ అల్లిక తెగిందంటే ఎవరైనా అతని దగ్గరికే తెస్తారు. చిన్నప్పుడు జ్వరం వచ్చి చూపు పోయింది. పనంతా చేతులతోనే నేర్చుకున్నాడు. పేము బద్దల్ని నీళ్ళలో నానబెట్టి, వంచి చూసి, చట్రం చుట్టూ ఉన్న చిల్లుల్లోంచి లాగి బిగిస్తాడు. పని మీద ఉన్నప్పుడు పలకరించినా పలకడు. పని ఆపాడంటే మాత్రం మాటల్లో నాకు సరిజోడు. నా నోటికి జడవని మనిషి మా ఇంట్లో అతనొక్కడే.

మా ఆయన బస్సు డిపోలో పని చేస్తారు. ఆయనకి తమ్ముడంటే ప్రాణం. ఆ ప్రేమ ఒక్కోసారి ఎదుటి మనిషికి ఊపిరాడనివ్వదు, అది వేరే సంగతి. తమ్ముడికి చొక్కా కొనాలంటే ఈయనే, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలంటే ఈయనే, చివరికి ఓటు వేయించాలన్నా ఈయనే. చూపు లేనివాళ్ళకి తోడు తప్పనిసరి అని మా ఇంటిల్లిపాదీ గట్టిగా నమ్మేశాం. ఎవరం ఎవర్నీ అడిగి తెలుసుకున్న పాపాన పోలేదు. అన్నదమ్ములిద్దరూ తెర వెనక్కి వెళ్ళేవారు, తమ్ముడు చెవిలో పేరు చెప్పేవాడు, అన్న ముద్ర వేసేవారు. బయటికి రాగానే మా ఆయన దారిన పోయేవాళ్ళని కూడా ఆపి చెప్పేవారు, తమ్ముడు ఏ పేరు చెబితే ఆ పేరుకే వేశానని. అది నిజమే. ఆయన మాట తప్పే మనిషి కాదు.

కిందటేడు మరిది తన కొట్టు వెనక గదిలోకి మారాడు. మా ఇంటికి రెండు వీధులే దూరం. కానీ వార్డు మారిపోయింది. వార్డు ఎన్నికలు దగ్గర పడుతున్నాయి, ఓటు కొత్త చోటికి మార్పించుకోవాలి. మా ఆయనకి డ్యూటీ ఉండడంతో ఆ పని నా నెత్తిన పడింది. గది అద్దె రసీదు, కరెంటు బిల్లు, ఫోటోలు సంచీలో వేసుకుని మరిదిని వెంటబెట్టుకుని మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్ళాను.

కౌంటరు దగ్గరున్న గుమాస్తా మరిదిని ఒకసారి చూసి, నా వైపు తిరిగాడు. "ఈయన పుట్టిన తేదీ ఎంతమ్మా?"

నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోగానే మరిది అందుకున్నాడు. "నన్ను అడగండి సార్. నేను పుట్టినప్పుడు మా వదిన అక్కడ లేదు, నేనున్నాను."

గుమాస్తా నవ్వేశాడు. ఆ తర్వాత అన్నీ అతన్నే అడిగాడు. మంచివాడే, పాపం, తెలియక అలా అడిగాడంతే. పాత వార్డులో పేరు తీసేసి ఇక్కడ చేరుస్తామని చెప్పాడు. ఇల్లు చూడటానికి మనిషి వస్తాడు, ఆ రోజు కొట్టు వదిలి వెళ్ళకండి అన్నాడు. "జాబితా అతికించాక పేరుందో లేదో ఒకసారి చూసుకోండి. చాలామంది ఓటు రోజున వచ్చి మా మీద అరుస్తారు. అప్పుడు అరిచి ఏం లాభం?" అని, "మీకు తోడుగా ఎవరొస్తారు? రాసుకోవాలి," అన్నాడు.

"తోడు తప్పనిసరా సార్?"

"తప్పనిసరని ఎవరు చెప్పారు? మీ ఇష్టం. ఓటు కాగితం మీద పెట్టుకోవడానికి ఒక అట్ట ఉంటుంది. ఒక్కో పేరుకీ ఎదురుగా ఒక చిల్లు, దాని పక్కన తడిమితే తెలిసే అంకె. పేర్ల వరుస ముందే చదివి వినిపిస్తారు. అంకె చూసుకుని ఆ చిల్లులో ముద్ర వేయడమే. ఒక్కరే వస్తానంటే ఇప్పుడే రాసేస్తాను, ఆ రోజు అట్ట సిద్ధంగా పెడతారు."

మరిది కౌంటరు చెక్క అంచుని వేళ్ళతో తడుముతూ నిలబడ్డాడు. వెనక నిలబడ్డవాళ్ళు సణగడం మొదలుపెట్టారు. చివరికి "ఒక్కణ్ణే అని రాయండి," అన్నాడు.

తిరిగి వస్తుంటే దారిలో నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "వదినా, అన్నయ్యకి ఇది చెప్పకు."

"నా నోట్లో నువ్వు గింజ నానదని తెలిసీ నాతోనే అంటున్నావా?"

"తెలిసే అంటున్నా. ఈ ఒక్కసారి నానబెట్టు." తర్వాత గొంతు తగ్గించాడు. "ముందే తెలిస్తే అన్నయ్య బాధపడతాడు. అది చూసి నేను ఆగిపోతాను. ఇప్పుడు ఆగితే ఇంక ఈ జన్మలో ఒక్కణ్ణే వేయను."

నేను మాట ఇచ్చాను, నిలబెట్టుకున్నాను కూడా. కానీ నా తల ప్రాణం తోకకొచ్చింది. ఎందుకంటే మరిది మారిన వార్డులో ఈసారి మా ఆయన చిన్ననాటి స్నేహితుడు నిలబడ్డాడు. రోజూ అన్నం దగ్గర అదే మాట. "మనవాడే నిలబడ్డాడు, తమ్ముడి ఓటు కూడా వాడి వార్డులోకే మారింది. అదృష్టమంటే ఇదే." నేను కూర వడ్డిస్తూ ఊఁ కొట్టేదాన్ని.

ఓటు రోజున మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని తమ్ముడి చెయ్యి పట్టుకుని బయల్దేరారు. వెనకే నేను. బడిలో పెద్ద గది, పిల్లల బల్లలన్నీ గోడకి జరిపి ఉన్నాయి. బల్ల దగ్గర కూర్చున్న అధికారిణి కాగితం చూసి తలెత్తింది. "ఈయన ఒక్కరే వేస్తారని రాసుంది. మీరు ఇక్కడే ఆగాలండీ."

"పొరపాటు రాశారమ్మా. వీడికి కనపడదు, నేను అన్నని. ఎప్పుడూ నేనే వేయిస్తాను," అన్నారు మా ఆయన.

ఆవిడ ఆయనకి జవాబు చెప్పలేదు. మరిదినే అడిగింది. "మీరు చెప్పండి."

"పొరపాటు కాదండీ. నేనే రాయించాను," అన్నాడు మరిది. తర్వాత నెమ్మదిగా, "అన్నయ్యా, చెయ్యి వదులు," అన్నాడు.

మా ఆయన వదిలారు. ఆ ముఖం చూడలేక నేను గోడ వైపు తిరిగాను.

ఆవిడ పేర్ల వరుస రెండుసార్లు చదివి వినిపించింది. అట్ట కింద కాగితం పెట్టి ఇచ్చి, తెర దాకా నడిపించి వెనక్కి వచ్చేసింది. లోపల అతనొక్కడే. చాలాసేపు పట్టింది. వరుసలో ఎవరో "ఇంకా ఎంతసేపమ్మా?" అని విసుక్కున్నారు. "ఆయనకిది మొదటి ఓటు, కాస్త ఓపిక పట్టండి," అన్నాను. నోరు జారాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. పక్కనే మా ఆయన ఉన్నారు. విన్నారు.

మరిది కాగితం మడత పెట్టుకుని వచ్చాడు. పెట్టె మూత తడిమి, సందు వెతుక్కుని అందులో వేశాడు. అంత తేలికైన ముఖం అతనికి నేనెన్నడూ చూడలేదు.

ముగ్గురం కొట్టుకి వచ్చాం. లోపలికి వెళ్ళాక మా ఆయన ఇంక ఆపుకోలేకపోయారు. "నేనేం తప్పు చేశాన్రా? ఇన్నేళ్ళలో నువ్వు చెప్పింది కాకుండా ఒక్కసారైనా వేరేవాళ్ళకి వేశానా? నా మీద నమ్మకం పోయిందా?"

"నువ్వు నేను చెప్పినట్టే వేశావు అన్నయ్యా. అందులో నాకు అనుమానం లేదు."

"మరి?"

"నేనే నిజం చెప్పలేదు." మరిది అన్నయ్య గొంతు వినిపించిన వైపు తిరిగాడు. "పక్కన నువ్వుండేవాడివి. నీకెవరంటే ఇష్టమో నాకు ముందే తెలుసు. నా మనసులో వేరే పేరున్నా, ప్రతిసారీ నీకిష్టమైన పేరే చెప్పాను."

మా ఆయన అక్కడున్న ముక్కాలి పీట మీద కూలబడ్డారు. "అయితే ఇన్నేళ్ళూ..."

"ఇన్నేళ్ళూ నువ్వు రెండు ఓట్లు వేశావు అన్నయ్యా."

నాకు ఏడుపొచ్చింది. ఎవరి కోసమో చెప్పలేను, ఇద్దరి కోసమూ అనుకుంటా. మా ఆయన లేచి వెళ్ళి తమ్ముడి పక్కన కూర్చున్నారు.

"మరి ఈసారి ఎవరికి..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేశారు.

"వద్దు," అన్నారు. "నాకు చెప్పకురా."